లిఫ్టులో ఉడుతాభక్తి

ముందే చెప్పేస్తున్నాను. ఉడుతల సినిమా చూడనివాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఇప్పుడే లేచి వెళ్ళి చూసి రావచ్చు. నేను ఆగుతాను. ఆపడం, నడపడం నాకు అలవాటే, ఎందుకంటే నేను లిఫ్టు మెకానిక్కుని.

నా వృత్తి మనుషుల్ని ఎత్తడం. మా ఆవిడ వృత్తి బట్టలు కుట్టడం, తీరిక దొరికినప్పుడు నన్ను ఎత్తిపొడవడం. మేముండే భవనంలో కింద వీధివైపు ఆమె కుట్టుదుకాణం, రెండో అంతస్తులో మా కాపురం, ఐదో అంతస్తులో మా అత్తగారు. ఆ భవనం లిఫ్టు బాగోగులు చూసేది కూడా నేనే. అంటే మా అత్తగారు కిందకి రావాలన్నా, మా ఆవిడ పైకి వెళ్ళాలన్నా నా దయ ఉండాలి. ఆ ఇంట్లో నాకున్న అధికారం అదొక్కటే.

మాకొక్కతే అమ్మాయి, ఎనిమిదో తరగతి. బడిలో ఏదో పెద్ద పేరుంది కానీ ఇంట్లో అందరూ గిలక అంటారు. తాడు లాగితే గిలక ఎలా తిరుగుతుందో, పలకరిస్తే దాని నోరు అలా తిరుగుతుంది.

ఒక సెలవురోజు ఆ గిలక నన్ను సినిమాకి లాక్కుపోయింది. బొమ్మల సినిమా అనగానే నేను సంతోషంగా ఒప్పుకున్నాను. చల్లటి హాలు, చీకటి, మెత్తటి కుర్చీ, అర్థం చేసుకోవాల్సిన అవసరం లేని కథ. నిద్రకి ఇంతకంటే ఏం కావాలి. త్రీడీ బొమ్మ కాబట్టి నల్లకళ్ళజోడు కూడా ఇచ్చారు, అంటే కళ్ళు మూసుకున్నా ఎవరికీ తెలియదు.

నేను నిద్రపోలేదండీ.

ఒక తల్లి ఉడుత, ఒక పిల్ల ఉడుత. గింజలు దాచడంలో తల్లిది ఒక పద్ధతి, పిల్లది ఇంకో పద్ధతి. తల్లి దాచినవి పిల్ల మారుస్తుంది, పిల్ల మార్చినవి తల్లి మళ్ళీ సర్దుతుంది. చివరికి మాటలు మానేసి, ఒకే చెట్టు మీద రెండు వేరు కొమ్మల్లో కాపురం పెడతారు. పెడతాయి అనాలని నాకూ తెలుసు. కానీ ఆ ఇద్దర్నీ నేను ‘అవి’ అనలేను. అప్పుడు మంచు తుఫాను వస్తుంది. ఇద్దరూ ఒకే తొర్రలో చిక్కుకుపోతారు. తినడానికి ఒకే ఒక్క అక్రోటు కాయ ఉంటుంది. తల్లి దాన్ని తోకతో పిల్లవైపు నెడుతుంది. పిల్ల తల్లివైపు నెడుతుంది. ఆ కాయ అటు దొర్లుతుంది, ఇటు దొర్లుతుంది, ఎవ్వరూ ముట్టుకోరు.

ఒక్క నిమిషం. గొంతు సర్దుకోనివ్వండి.

హాల్లో ఏం జరిగిందంటే, కన్నీళ్ళు తుడుచుకుందామని కళ్ళజోడు తీశాను. తీస్తే తెరమీద బొమ్మ రెండుగా కనిపించింది. ఒక తల్లి ఇద్దరు తల్లులయ్యారు, ఒక అక్రోటు రెండు అక్రోట్లయ్యాయి, నా ఏడుపు కూడా రెట్టింపైంది. గిలక సీట్లో కిందకి జారిపోయి, నేనెవరో తెలియనట్టు పక్కావిడతో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆ మర్నాటి నుంచి నేను మనిషిని కాను, ప్రచార రథాన్ని. మా ఆఫీసులో సూపర్‌వైజర్ని మేము బ్రేకుగారు అంటాం, ఎవరేం మొదలుపెట్టినా ఆపేస్తాడు కాబట్టి. ఆయన ఆపేలోపే సగం కథ చెప్పేశాను. ఫోన్ మోగితే కిచకిచమనేలా పెట్టుకున్నాను. ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగిపోయి నలుగురు చిక్కుకుంటే, నేను తలుపు తెరిచేలోపు వాళ్ళకి భయం తెలియకుండా ఉడుతల కథ ఎత్తుకున్నాను. తలుపు తెరుచుకున్నా వాళ్ళు బయటికి రాలేదు. ముగింపు చెప్పమన్నారు.

మళ్ళీ వెళ్ళాను. ఇంకోసారి కూడా వెళ్ళాను.

“మళ్ళీ అదే సినిమానా?” అంది మా ఆవిడ, నోట్లో గుండుసూదులు పెట్టుకుని.

“ఈసారి బాల్కనీ నుంచి చూశాను.”

“ఎలా ఉంది?”

“పై నుంచి చూస్తే తల్లి ఉడుత మొహంలో ఇంకా దయ కనిపిస్తుంది.”

“పెళ్ళయ్యాక నా మొహం ఒక్కసారైనా అంత శ్రద్ధగా చూశారా?”

“నీకు తోక లేదు కదా.”

ఆవిడ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. మాట్లాడటానికి నోరు ఖాళీ చేసుకుంటోందని అర్థమై నేను పనుందని బయటపడ్డాను.

నా పిచ్చికి కారణం లేకపోలేదు. మా ఇంట్లోనే ఒక తల్లి, ఒక పిల్ల మాటలు మానేసి ఉన్నారు.

మా ఆవిడకి కుట్టుపని నేర్పింది మా అత్తగారే. ఆ రోజుల్లో ఆవిడ కత్తెర పడితే గుడ్డ దానంతటదే చొక్కా అయ్యేదని చెప్పుకుంటారు, ముఖ్యంగా ఆవిడే చెప్పుకుంటారు. కొంతకాలం కిందట వయొలిన్ వాయించే అమ్మాయి ఒకామె కచేరీ కోసం నల్ల గౌను కుట్టమంది. మా ఆవిడ రాత్రీపగలూ కూర్చుని కుట్టింది. గౌను అద్దంలా ఉంది. దాన్ని బొమ్మకి తొడిగి, దారాలు కొనడానికి బజారుకి వెళ్ళింది. ఆ కాసేపట్లో మా అత్తగారు కిందకి దిగి, గౌను చూసి, చేతులు చూసి, “ఈ చేతులతో ఆ పిల్ల వయొలిన్ ఎత్తినట్టే” అని రెండు చేతులూ విప్పేసి, చంక దగ్గర గుడ్డ కలిపి మళ్ళీ కుట్టేశారు.

వయొలిన్ అమ్మాయి వచ్చింది, తొడుక్కుంది, చెయ్యెత్తి చూసుకుంది, పొంగిపోయింది. అంతవరకూ బాగానే ఉంది. విషయం తెలిసి, దుకాణంలో అందరి ముందూ, “మీ అమ్మగారి చెయ్యే చెయ్యి” అనేసి వెళ్ళింది.

గౌను చేతులు కలిశాయి కానీ వీళ్ళ చేతులు మళ్ళీ కలవలేదు.

“తొడిగి చూసే రోజున నేనే సరిచేసేదాన్ని” అంటుంది మా ఆవిడ. “మంచి చేసినా తప్పేనా” అంటారు మా అత్తగారు. ఇద్దరూ ఈ మాటలు నాతోనే అంటారు, ఒకరితో ఒకరు అనరు. ఒకే గదిలో ఉన్నా అంతే.

“అల్లుడుగారూ, మీ ఆవిడని ఆ కత్తెర ఇటివ్వమనండి.”

“ఏమండీ, ఆ కత్తెర నాదని చెప్పండి ఆవిడకి.”

“కొనిచ్చింది నేనని చెప్పండి.”

“కొనిచ్చి మళ్ళీ లాక్కోవడం ఆవిడకి అలవాటేనని చెప్పండి.”

ఇద్దరికీ అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. అయినా నేను తిరిగి చెప్పేదాకా అన్నట్టు కాదు. ఒకసారి నేను ఒక మాట మింగేసి చెబితే, ఇద్దరూ కలిసి నన్ను సరిదిద్దారు. వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం అదొక్కటే.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, గిలక మాత్రం పాడైపోయింది. పైకి వెళ్తే అమ్మ మొహం ముడుచుకుంటుంది, కిందే ఉంటే అమ్మమ్మ చిన్నబుచ్చుకుంటుంది. అది మెట్ల మీద కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టింది. అంతలో మా అత్తగారు ఇల్లు ఖాళీ చేసి వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానన్నారు. బెదిరింపేమో అనుకున్నాను. ఐదో అంతస్తుకి వెళ్ళి చూస్తే హాల్లో అట్టపెట్టెలున్నాయి, కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. గబగబా కిందికి దిగాను. మా ఆవిడకి చెబితే, “వెళ్ళనివ్వండి” అని, చేతిలో గుడ్డని కొలిచిందే మళ్ళీ కొలిచింది.

మందు ఎక్కడుందో నాకు తెలుసు. ఊరి మధ్య హాల్లో రోజుకి నాలుగు ఆటలు ఆడుతోంది.

ఇద్దరికీ వేర్వేరుగా ఒకే మాట చెప్పాను, సినిమాకి రమ్మని గిలక బతిమాలుతోందని. హాలు గుమ్మం దగ్గర ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ వెనక్కి తిరిగారు. టిక్కెట్లు వృథా అవుతాయనేసరికి ఇద్దరూ మళ్ళీ ముందుకి తిరిగారు. ఆ పొదుపు మాత్రం తల్లి నుంచి కూతురికి చక్కగా వచ్చింది. ఈ చివర మా ఆవిడ, ఆ చివర మా అత్తగారు, మధ్యలో నేనూ, గిలకా.

నేను తెరని చూడలేదు, వాళ్ళ మొహాలు చూద్దామనుకున్నాను. కానీ తుఫాను మొదలయ్యేసరికి నావల్ల కాలేదు. కాయ మొదటిసారి దొర్లగానే నా గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. లిఫ్టు తాడుకి నూనె లేకపోతే వస్తుంది చూశారూ, అలాంటిది. రెండోసారి దొర్లేసరికి వెక్కిళ్ళు వచ్చాయి. ముందు వరసలో ఒక పసివాడు వెనక్కి తిరిగి తన పాప్‌కార్న్ నా ఒళ్ళో పెట్టాడు. ఎడమవైపు నుంచి మా ఆవిడ చేతిరుమాలు వచ్చింది. కుడివైపు నుంచి మా అత్తగారి చేతిరుమాలు వచ్చింది. రెండిటి అంచులూ ఒకేలా కుట్టి ఉన్నాయి. అది చూసి మరీ ఏడ్చాను.

బయటికొచ్చాక ఆశగా అడిగాను. “ఎలా ఉంది?”

“ఎక్కడ చూడనిచ్చారు?” అంది మా ఆవిడ. “సినిమా అంతా మిమ్మల్ని చూడటమే సరిపోయింది.”

మా అత్తగారు మాత్రం ఇంటికొచ్చాక గిలకని పక్కకి పిలిచి, మీ నాన్నకి ఒంట్లో బాగానే ఉంటోందా అని అడిగారట.

లోపం సినిమాలో లేదు. సినిమా చూస్తే చాలదు, అనుభవించాలి. తొర్ర కావాలి, తలుపు మూసుకుపోవాలి, ఇద్దరే ఉండాలి. ఈ ఆలోచన నాకు లిఫ్టు గుంతలో కూర్చుని నూనె పూస్తుండగా వచ్చింది. తలెత్తి చూశాను. నెత్తి మీద తొర్ర వేలాడుతోంది.

అంత ఉత్సాహం నాకు పెళ్ళినాడు కూడా రాలేదు. పరుగున వెళ్ళి, మెట్ల మీద చదువుకుంటున్న గిలకకి చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం అమ్మమ్మ ఐదో అంతస్తులో ఎక్కుతుంది, అమ్మ రెండో అంతస్తులో ఎక్కుతుంది, రెండుకీ ఒకటికీ మధ్య లిఫ్టు ఆగిపోతుంది, ఇద్దరూ మాట్లాడుకుంటారు, ఏడుస్తారు, కావలించుకుంటారు, నేను లిఫ్టు నడుపుతాను.

“ఇది బాగుండదు నాన్నా” అంది గిలక.

“సినిమాలో బాగుంది కదే.”

“సినిమాలో తుఫాను వాళ్ళ నాన్న తెప్పించలేదు.”

“ఎవరికీ చెప్పనని మాటియ్యి.”

అది కాసేపు ఆలోచించి, “సరే” అంది. గిలక ఒకే ఒక్క మాటతో ఊరుకుంది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఆదివారం వచ్చింది. ఐదో అంతస్తుకి వెళ్ళి, కింద మీటరు చూసే మనిషి మీతో మాట్లాడాలంటున్నాడని మా అత్తగారికి చెప్పాను. మా ఆవిడకి, దుకాణం ముందు ఎవరో నిలబడి ఉన్నారని చెప్పాను. ఇద్దరూ ఎదురు ప్రశ్న వేయలేదు. మా ఇంట్లో నా మాటకి ఎదురు ప్రశ్న లేకపోవడం అదే మొదలు. నా అదృష్టం పండిందనుకున్నాను. లిఫ్టులో ఒక మూల ఒక అక్రోటు కాయ పెట్టాను. నా చేతనైంది అదే, ఉడుతాభక్తిగా.

మేడ మీద మెషిన్ రూములో స్విచ్చు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. గుండె మోటారు కంటే గట్టిగా కొట్టుకుంటోంది. రెండో అంతస్తు నుంచి గిలక ఫోన్ చేసి, “అమ్మ ఎక్కింది” అంది. తాడు కదిలింది. ముందే తాడు మీద పెట్టుకున్న గుర్తు రాగానే స్విచ్చు ఆపేశాను. లిఫ్టు ఆగింది. లిఫ్టులో ఇంటర్‌కమ్ బ్యాటరీ మీద పనిచేస్తుంది. చేతిరుమాలు ఒళ్ళో పెట్టుకుని దాన్ని చెవికి ఆనించుకున్నాను.

ముందు గరగర వినిపించింది. తర్వాత మా అత్తగారి గొంతు.

“ఆగిపోయినట్టుంది.”

“ఆగిపోయింది” అంది మా ఆవిడ.

మధ్యలో నేను లేకుండా మాట్లాడుకున్నారు. నా కళ్ళు చెమర్చాయి.

“ఎవరో చెత్త పడేశారిక్కడ” అన్నారు మా అత్తగారు. ఆ వెంటనే కటుక్కుమని చప్పుడైంది. అక్రోటు కాయ చెప్పు కింద పడింది. నా గుండె కూడా దాని పక్కనే పడింది.

“నీతో ఈ డబ్బాలో ఇరుక్కునేకంటే మెట్లు దిగినా బాగుండేది” అన్నారు మా అత్తగారు.

“ఎలాగూ ఊరెళ్ళిపోతున్నావుగా, వెళ్ళు.”

“వెళ్తాను. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఈ మనిషిని చేసుకోవద్దని అప్పుడే చెప్పాను.”

నేను రుమాలు పక్కన పెట్టాను.

“విన్నానా నేను” అంది మా ఆవిడ, నిట్టూర్చి.

“పైలట్ సంబంధం వచ్చింది. బంగారంలాంటి కుర్రాడు. చేసుకునుంటే ఆకాశంలో తిరిగేదానివి. ఈయన నిన్ను ఐదో అంతస్తు దాటించలేదు.”

నాకు ఒళ్ళు మండింది. ఎక్కడున్నానో మరిచిపోయి బొత్తాం నొక్కి, “ఆరో అంతస్తు దాకా వెళ్తుందండీ మన లిఫ్టు” అన్నాను.

బొత్తాం వదిలాక గాని ఎక్కడున్నానో గుర్తురాలేదు.

“ఎవరది?” అన్నారు మా అత్తగారు.

గొంతు మార్చి, “లిఫ్టుని” అన్నాను.

“లిఫ్టుకి మా అల్లుడి గొంతుందే” అన్నారావిడ. ఆ తర్వాత ఆవిడ గొంతు మారింది. “ఏంటోనే, ఊపిరాడటం లేదు. కళ్ళు తిరుగుతున్నాయి.”

“అమ్మా, ఇలా కూర్చో. అమ్మా, నావైపు చూడు. అమ్మా.”

డెబ్భై ఏళ్ళ మనిషి. సినిమా కోసం అత్తగారిని చంపిన అల్లుడిగా మిగిలిపోతానేమో. స్విచ్చు వేశాను. వేసిన కంగారుకి లోపల టప్పుమని ఫ్యూజు పోయింది. మెషిన్ రూములో దీపం కూడా ఆరిపోయింది. తలుపు తెరిచే తాళంచెవి పట్టుకుని మెట్ల మీద పడ్డాను. దిగానో దొర్లానో నాకు గుర్తులేదు. మూడో అంతస్తు మలుపులో మా భవనం కార్యదర్శి ఎదురొచ్చాడు. ఆయన్ని అందరూ నోటీసుగారు అంటారు. మేడ మీద బట్టలు ఆరేసినా, మెట్ల మీద తుమ్మినా గోడకి నోటీసు అంటిస్తాడు. నేను గుద్దుకున్న దెబ్బకి ఆయన చేతిలో జిగురు డబ్బా నా చొక్కా మీదా చేతుల మీదా ఒలికింది. చేతిలో నోటీసు నా వీపుకి అంటుకుంది.

రెండో అంతస్తులో లిఫ్టు తలుపు ముందు మోకాళ్ళ మీద పడ్డాను.

“అత్తయ్యగారూ, నేనే ఆపాను. తప్పంతా నాదే. మీటరు మనిషి లేడు, దుకాణం ముందు ఎవరూ లేరు. మీరిద్దరూ మాట్లాడుకోవాలని చేశాను. మీరు ఊరెళ్ళకండి, ఊపిరి మాత్రం ఆపకండి.”

తాళంచెవి తిప్పి తలుపు లాగాను. లిఫ్టు సగం కిందకి దిగి ఉంది, పైసగం మాత్రమే కనిపిస్తోంది. బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాను.

రెండు మడతస్టూళ్ళు వేసుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. పక్కన టీ ఫ్లాస్కు, బిస్కెట్లు, చిన్న టార్చి. ఇద్దరి మోకాళ్ళ మీద నీలం గౌను ఒకటి పరిచి ఉంది. కుడిచెయ్యి మా ఆవిడ కుడుతోంది, ఎడమచెయ్యి మా అత్తగారు కుడుతున్నారు.

“అరవకండి, సూది గుచ్చుకుంటుంది” అంది మా ఆవిడ, తలెత్తకుండానే.

“ఇంకాసేపు ఆపి ఉంచండి అల్లుడుగారూ” అన్నారు మా అత్తగారు. “ఈ చెయ్యి పూర్తయిపోతుంది. ఇక్కడ ఎవరూ పిలిచేవాళ్ళు లేక పని బాగా సాగుతోంది.”

తల తిప్పి చూస్తే మెట్ల మీద గిలక నోరు రెండు చేతులతో మూసుకుని, భుజాలు ఊపుతూ నవ్వుతోంది.

“మాటిచ్చావు కదే” అన్నాను.

“అమ్మకి చెప్పకుండా ఎలా ఉంటాను నాన్నా” అంది. “నువ్వా సినిమా అన్నిసార్లు చూసి ఏం అర్థం చేసుకున్నావు?”

జరిగిందేమిటంటే, ఆరోజు పథకం చెప్పి నేను మెట్లు దిగిన మరుక్షణమే గిలక వాళ్ళమ్మకి అంతా చెప్పేసింది. మా ఆవిడకి నవ్వొచ్చిందట. ఈ నవ్వు ఎవరితో పంచుకోవాలా అని చూస్తే, నా గురించి నవ్వుకోవడానికి ఈ భూమ్మీద ఆమెకి ఒక్కరే సరిజోడు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లెక్కి ఐదో అంతస్తుకి వెళ్ళింది.

“అమ్మ తలుపు తీసి ‘ఏంటే’ అంది” అని చెప్పింది మా ఆవిడ, దారం కొరుకుతూ. “ఆ మాట విని ఎన్నాళ్ళయిందో. ఏం చెప్పడానికి వెళ్ళానో కాసేపు నాకే గుర్తు రాలేదు.”

మా అత్తగారు సూదిలో దారం ఎక్కించడానికి టార్చి దగ్గరికి జరిగారు. “అడక్కుండా విప్పాను. తప్పు నాదేనండీ” అన్నారు నాతో. చెబుతూ నావైపు చూడలేదు. “దీని కుట్టు విప్పడానికి నా వేళ్ళు పడిపోయాయి. అంత గట్టి కుట్టు నా జన్మలో నేను వెయ్యలేదు. ఆ మాట ఆరోజే దీనికి చెప్పాల్సింది.”

మా ఆవిడ దారం తీసుకుని సూదిలోకి ఎక్కించి తల్లి చేతికిచ్చింది. ఇద్దరూ మళ్ళీ వంగి కుట్టసాగారు. నేను బోర్లా పడుకునే ఉన్నాను, కళ్ళు తుడుచుకుందామంటే చేతులకి జిగురు.

అక్కణ్ణుంచే అడిగాను. “ఆ పైలట్ సంబంధం నిజమేనా?”

“లేదండీ, అమ్మ అప్పటికప్పుడు అల్లింది” అంది మా ఆవిడ. “అల్లికలో మాత్రం నేను అమ్మని మించలేను.”

వెనక నుంచి దగ్గు వినిపించింది. నోటీసుగారు నిలబడి ఉన్నాడు. నా ఒప్పుకోలు మొత్తం విన్నాడు.

“అయితే లిఫ్టు కావాలనే ఆపారన్నమాట” అన్నాడు. “లోపల మనుషుల్ని పెట్టి.”

నా పని అయిపోయిందనుకున్నాను. ఈ భవనం కాంట్రాక్టు పోతుంది, బ్రేకుగారు నన్ను శాశ్వతంగా ఆపేస్తారు. ఏదో చెప్పబోయాను. లిఫ్టులోంచి మా ఆవిడ గొంతు తేనెలా వచ్చింది.

“భద్రతా పరీక్షండీ. లిఫ్టు ఆగిపోతే ముసలివాళ్ళు ఎంతసేపు తట్టుకోగలరో చూస్తున్నారు మావారు. అందుకే మేమే కూర్చున్నాం, వేరేవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకని.”

నోటీసుగారి మొహం విప్పారింది. “ఇన్నేళ్ళలో ఎవరూ చెయ్యలేదండీ ఇలాంటి పని. మరి అన్ని అంతస్తుల్లోనూ చెయ్యాలి కదా?”

“చెయ్యాలి కదా మరి” అన్నారు మా అత్తగారు. “ఆదివారాలు మా అల్లుడుగారికి ఖాళీయే. ప్రతి ఆదివారం చేస్తారు.”

“ఉచితంగానా?”

“మనవాళ్ళకి చెయ్యడానికి డబ్బులేంటండీ” అంది మా ఆవిడ.

నేను నోరు తెరిచేలోపు నోటీసుగారు నా వీపు మీదున్న కాగితం ఊడదీసి, వెనకవైపు అప్పటికప్పుడు కొత్త నోటీసు రాసేశాడు.

ఇప్పుడు చెప్పండి, నా పథకం ఫలించిందా లేదా? ఇద్దరూ కలిశారు. అట్టపెట్టెలు ఖాళీ అయ్యాయి, ఐదో అంతస్తు కుట్టుమిషను కింది దుకాణంలోకి వచ్చింది. దాన్ని మోసింది నేనే, లిఫ్టు పరీక్షలో ఉంది కాబట్టి మెట్ల మీద నుంచే మోశాను. ఇప్పుడు దుకాణంలో వాళ్ళు రోజంతా పోట్లాడుకుంటారు, కానీ నేరుగా. నన్ను పిలవరు. ఒక్కోసారి నాకే బెంగగా ఉంటుంది.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం నేను పనిముట్ల పెట్టెతో లిఫ్టు దగ్గర నిలబడి ఉన్నాను. ముగ్గురూ తయారై కిందకి దిగారు. మా అత్తగారు కొత్త శాలువా కప్పుకున్నారు. గిలక ఇద్దరి మధ్య నడుస్తూ ఇద్దరి చెవుల్లోనూ ఒకేసారి మాట్లాడుతోంది.

“ఎక్కడికి?” అన్నాను.

“సినిమాకి” అంది మా ఆవిడ.

“ఏ సినిమా?”

గిలక చిన్నగా కిచకిచమంది.

“ఉండండి, ఉండండి. చొక్కా మార్చుకుని వస్తాను.”

“మీరెలా వస్తారండీ” అన్నారు మా అత్తగారు, ఎంతో జాలిగా. “మీకు పరీక్ష ఉంది కదా. అయినా మీరు పక్కనుంటే మాకు సినిమా కనిపించదు.”

వెళ్ళిపోయారు. మెషిన్ రూములో కూర్చున్నాను కానీ మనసు హాల్లోనే ఉంది. ఇప్పుడు కొమ్మలు వేరైపోయుంటాయి. ఇప్పుడు మబ్బులు కమ్ముకుంటాయి. ఇప్పుడు మంచు మొదలై ఉంటుంది. ఆగలేక గిలకకి ఫోన్ చేశాను. చాలాసేపటికి ఎత్తింది.

“ఎక్కడిదాకా వచ్చిందే?” అన్నాను.

అవతల ముందు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. ఆ పక్కన ఇంకొకటి, ఇంకాస్త పెద్దది. అది ఎవరిదో నాకు తెలుసు, ఎన్నో ఏళ్ళుగా వింటున్నాను.

“నాన్నా, తర్వాత చెయ్యి” అంది గిలక, గొంతు పూడుకుపోయి. “ఇక్కడ ముగ్గురికీ ఒకటే చేతిరుమాలుంది.”

ఫోన్ పెట్టేసింది. కింద నుంచి నోటీసుగారు నాలుగో అంతస్తు సిద్ధంగా ఉందని కేకేశాడు. నేను కళ్ళు తుడుచుకుని స్విచ్చు మీద చెయ్యి వేశాను.